కూర్చోవడానికి ఇంత చోటు: ఇండోనేషియా కుర్రకారు గురించి

(డిగ్రీ విద్యార్థుల సభలో మాట్లాడినదానికి రాతరూపం. మాటల వరస పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలకి వినిపిస్తోందా? సరే.

నన్ను పిలిచినప్పుడు "ఇండోనేషియా యూత్ ట్రెండ్స్ మీద మాట్లాడండి మేడం" అన్నారు. ఫోన్ తెరిస్తే ట్రెండ్స్ మీకే కనిపిస్తాయి, వాటికి నేను అక్కర్లేదు. నేను ఒక్క మాట పట్టుకుని మొదలుపెడతాను. ఆ మాట నోంగ్‌క్రోంగ్. డిక్షనరీ తీస్తే గొంతుక్కూర్చోవడం అని ఉంటుంది, పక్కనే పనీపాటా లేక ఊరికే కూర్చోవడం అని కూడా ఉంటుంది. అక్కడి పిల్లలు ఆ మాట వాడేటప్పుడు మాత్రం దానర్థం నలుగురం ఒకచోట చేరి, ఏ పనీ పెట్టుకోకుండా, టైం చూసుకోకుండా కూర్చోవడం. మన పల్లెల్లో అరుగులు, రచ్చబండ ఎందుకుండేవో అదీ అందుకే. అయితే అరుగులు మనకి పోయాయి. వాళ్లు మాత్రం తోపుడుబండి దగ్గరా, రైల్వే స్టేషన్ బయటా, చివరికి రోడ్డు దాటే తెల్లగీతల మీద కూడా అరుగు వేసుకుంటూనే ఉన్నారు. నేను ఇవాళ చెప్పబోయేదంతా ఆ అరుగు గురించే.

నేను 2018లో ధర్మసిస్వ అనే స్కాలర్‌షిప్ మీద వెళ్లాను. విదేశీయులకి తమ భాష, కళలు నేర్పడానికి అక్కడి ప్రభుత్వం 1974 నుంచి ఇస్తున్న స్కాలర్‌షిప్ అది. సిస్వ అంటే ఎవరో కాదు, మన శిష్యుడే. వాళ్లు భాషని బహాస అంటారు. నన్ను వేసిన ఊరు జావా దీవిలోని యోగ్యకర్త, అందరూ జోగ్జా అంటారు, ఎటు చూసినా కాలేజీలే. పిల్లలు ఎక్కడెక్కడి దీవుల నుంచో వచ్చి 'కోస్' అనే అద్దె గదుల్లో ఉంటారు. కోస్ గది అంటే పది అడుగులు బై పది అడుగులు, ఒక పరుపు, ఒక ఫ్యాను. రాత్రి ఆ గదిలో ఎంతసేపని కూర్చుంటారు? అందుకని బయటికి వస్తారు. బయట ఆంగ్‌క్రింగాన్ ఉంటుంది.

ఆంగ్‌క్రింగాన్ గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి, నాకు అది చాలా ఇష్టం. ఒక తోపుడుబండి, మీద టార్పాలిన్ పట్టా, ఒక చివర బొగ్గుల కుంపటి, దాని మీద మూడు కెటిళ్లు. బండి మీద చిన్న చిన్న పొట్లాలు పేర్చి ఉంటాయి. దాని పేరు నాసి కుచింగ్, అంటే పిల్లి అన్నం. పిల్లికి పెట్టినంత అన్నం, పైన కాస్త కారం, ఒక ఎండుచేప ముక్క. రెండు పొట్లాలు, పుల్లకి గుచ్చిన పిట్టగుడ్లు, ఒక గ్లాసు తియ్యటి టీ తీసుకుని పేవ్‌మెంట్ మీద పరిచిన చాప మీదికి వెళ్లిపోతారు. అక్కడ మూడు గంటలు కూర్చున్నా లేవమనేవాళ్లు ఉండరు. ఆ ఊళ్లోని తుగు రైల్వే స్టేషన్‌కి ఉత్తరాన ఉన్న బండ్ల దగ్గరైతే, భగభగా కాలుతున్న బొగ్గు ముక్కని పటకారుతో తీసి కాఫీ గ్లాసులో వేస్తారు, 'జోస్స్' మని చప్పుడు వస్తుంది, ఆ కాఫీ పేరే కోపి జోస్. మొదటిసారి చూసినప్పుడు గ్లాసు పగిలిపోతుందేమోనని వెనక్కి జరిగాను. తాగి చూస్తే పొగ వాసన, అడుగున కొంచెం నుసి, అంతే, మామూలు తియ్యటి కాఫీ. దానికోసం వచ్చే జనాన్ని చూడాలి మీరు.

ఈ బండి దగ్గరే నాకు ఆ పిల్లల సంగతి తెలిసింది. క్లాసులో మాట్లాడని కుర్రాడు ఇక్కడ తన ఊరి గురించి, అప్పు గురించి, వదిలేసి వెళ్లిన అమ్మాయి గురించి మాట్లాడతాడు. అప్పటికి నాకు వాళ్ల భాష సగమే వచ్చు. పైగా వాళ్లు పుస్తకంలో ఉన్న భాష మాట్లాడితే కదా! కదలాలంటే బద్ధకం అనే రెండు ముక్కల మాటని 'మగెర్' అని కుదిస్తారు. ప్రతిదీ మనసుకి తీసుకునేవాణ్ణి 'బపెర్' అంటారు. 'పద' అనడానికి 'యుక్' అనే మాట ఉంది, దాన్ని తిరగేసి 'కుయ్' అంటారు. మనం చిన్నప్పుడు పెద్దవాళ్లకి అర్థం కాకూడదని 'క' భాష మాట్లాడుకునేవాళ్లం కదా, అలాంటిదే. మలంగ్ అనే ఊళ్లో అయితే మాటని వెనక నుంచి ముందుకి పలకడం ఎప్పటినుంచో ఉంది, ఊరి పేరునే 'ఙలమ్' అంటారు. డచ్చివాళ్లతో పోరాడే రోజుల్లో గూఢచారులకి దొరక్కుండా మొదలైందని అక్కడివాళ్లు చెబుతారు.

ఒకటి గుర్తుంచుకోండి. 1928 అక్టోబర్ 28న యువకులే కూడి 'మాది ఒకే నేల, ఒకే జాతి, మమ్మల్ని కలిపే భాష ఇండోనేషియా భాష' అని ప్రతిజ్ఞ చేశారు. అప్పటికి దేశమే లేదు! ఏడు వందలకు పైగా భాషలున్నచోట, ఎక్కువమంది మాట్లాడే జావా భాషని కాదని, రేవుల్లో వ్యాపారానికి వాడే మలయ్ భాషని ఎంచుకున్నారు. భాషని కుర్రకారే తయారుచేసుకున్న దేశం అది, ఇప్పటి పిల్లలు దాన్ని ఇంకా చెక్కుతూనే ఉన్నారు. 2020 జనాభా లెక్కల్లో 27 కోట్ల మంది తేలితే, అందులో 1997-2012 మధ్య పుట్టిన జెన్-జీ వాళ్లే దాదాపు 28 శాతం, వాళ్లకి ముందు తరం మిలీనియల్స్ ఇంకో 26 శాతం.

ఇక కాఫీ. డచ్చి కంపెనీవాళ్లు జావాకి మొదటి కాఫీ మొక్కల్ని తెచ్చింది మన మలబారు తీరం నుంచే, 1696లో, అవి వరదకి పోతే 1699లో మళ్లీ. ప్రపంచంలో కాఫీ పండించే పెద్ద దేశాల్లో ఒకటైనా, మంచి గింజ ఓడెక్కిపోయేది, ఊళ్లోవాళ్లకి చవక పొడే మిగిలేది. 2015 నుంచి జకార్తాలో చిన్న చిన్న షాపులు ఐస్, పాలు, తాటిబెల్లంలాంటి 'గుల ఆరెన్' బెల్లం కలిపి కాఫీ అమ్మడం మొదలుపెట్టాయి. ఒక్కసారిగా దేశమంతా ఆ రుచి పట్టుకుంది. తుకు అనే షాపు 2015లో ఒక సందులో మొదలైంది. కోపి కెనాంగాన్ 2017లో మొదలై నాలుగేళ్లలో యూనికార్న్, అంటే వంద కోట్ల డాలర్ల విలువ దాటిన కంపెనీ అయింది. కెనాంగాన్ అంటే జ్ఞాపకాలు. ఇది కాఫీ కథ కాదు, బెల్లం కథ అంటాను నేను. విదేశీ బ్రాండు కప్పు పట్టుకుంటే గొప్ప అనుకునే రోజుల నుంచి మన బెల్లం, మన గింజ అనే రోజులకి వచ్చారు, అదీ వందరూపాయల లోపు. అదీ కొనలేనివాళ్లకి సైకిల్ మీద కాఫీ పొడి పాకెట్ల దండలు వేలాడేసుకుని, ఫ్లాస్కులో వేడినీళ్లు పెట్టుకుని తిరిగే అన్న ఉంటాడు. ఐదు వేల రుపియాకి, అంటే మన పాతిక రూపాయలకి ఒక కప్పు.

ఇప్పుడు 2022 జూలై గురించి చెప్తాను. అప్పటికి నేను జకార్తాలో ఉద్యోగం చేస్తున్నాను. సుదిర్మాన్ అని పెద్ద రోడ్డు, రెండు వైపులా అద్దాల మేడలు, బ్యాంకులు. దుకు అతాస్ దగ్గర లోకల్ రైలు, మెట్రో కలుస్తాయి. స్కూళ్లకి సెలవులు. చితాయమ్, బోజొంగ్‌గెడె, డెపోక్ లాంటి శివార్ల నుంచి పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు లోకల్ రైలెక్కి రావడం మొదలుపెట్టారు. టికెట్ మూడు, నాలుగు వేల రుపియా. వాళ్లు వచ్చింది ఊరికే కూర్చోవడానికే. నోంగ్‌క్రోంగ్! ఊళ్లో పార్కు లేదు, మాల్‌లోకి వెళ్తే కొనాలి, ఇక్కడ పేవ్‌మెంట్ వెడల్పుగా ఉంది, ఫొటోలు బాగా వస్తాయి. తర్వాత ఎవరికి తోచిందో, సిగ్నల్ పడగానే జీబ్రా క్రాసింగ్ మీద ర్యాంప్ వాక్ చేయడం మొదలుపెట్టారు. దానికి జనం చితాయమ్ ఫ్యాషన్ వీక్ అని పేరు పెట్టేశారు.

ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఆగిపోయాను. ఒక అమ్మాయి, సన్నగా ఉంది, తన సైజుకి రెండింతలున్న కోటు, కింద ప్యాంటు అంచు రెండు మడతలు, కళ్లకి నల్ల కాటుక చాలా దట్టంగా. సిగ్నల్ ఎర్రగా మారేదాకా రోడ్డు అంచున నిలబడి చెప్పు తుడుచుకుంది. నడిచింది. ముఖంలో నవ్వు లేదు, అడుగు తడబడలేదు, కార్లలో సూటూ బూటూ వేసుకున్నవాళ్లు ఆమె కోసం ఆగి ఉన్నారు. అవతలికి చేరగానే స్నేహితురాలిని పట్టుకుని పకపకా నవ్వేసింది. ఆ ఇరవై సెకన్లు ఆ రోడ్డు ఆ అమ్మాయిది.

ఆ తర్వాత ఏమైందో మీరు ఊహించగలరు. మోడల్స్ వచ్చారు, నాయకులు వచ్చి వాళ్లూ నడిచారు, యూట్యూబర్లు వచ్చారు. ఒక సినీతార కంపెనీ ఆ పేరుని తన ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయబోయింది. జనం తిట్టిపోస్తే కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకుంది. ట్రాఫిక్, చెత్త అని పోలీసులు రాత్రి పదింటికల్లా పిల్లల్ని పంపేయడం మొదలుపెట్టారు, చూస్తుండగానే అది ఆగిపోయింది. చెత్త నిజమే, ట్రాఫిక్ నిజమే, కాదనను. కానీ అంత పెద్ద నగరం ఆ పిల్లలకి కూర్చోవడానికి ఇంకో చోటు చూపించిందా? నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

వాళ్లు వేసుకున్న బట్టల్లో చాలా భాగం పాతబట్టలే. జకార్తాలో పసార్ సెనెన్, బాండుంగ్‌లో గెడెబాగె మార్కెట్లలో విదేశాల నుంచి మూటలుగా వచ్చినవి గుట్టలు పోసి అమ్ముతారు. దీన్ని థ్రిఫ్టింగ్ అంటారు, మంచిది ఏరి తీయడం ఒక నైపుణ్యం. పాతబట్టల దిగుమతి చట్టప్రకారం నిషేధం. 2023 మార్చిలో ప్రభుత్వం మూటలకి మూటలు తగలబెట్టింది, దేశంలో బట్టల పరిశ్రమ చచ్చిపోతోందని. ఆ పరిశ్రమలో పనిచేసేవాళ్లూ పేద పిల్లలే, ఈ బట్టలు కొనేవాళ్లూ పేద పిల్లలే. నేను ఏ పక్షమో చెప్పలేను.

అదే సమయంలో ఇంకో గాలి వీచింది. బాతిక్ అనే మైనపు అద్దకం గుడ్డని, వాళ్లు 'కైన్' అంటారు, నడుముకి చుట్టుకుని, పైన మామూలు టీషర్టు, కింద స్నీకర్లు వేసుకుని మెట్రో ఎక్కే పిల్లలు కనిపించసాగారు. పెళ్లికీ, ఆఫీసు శుక్రవారానికీ పరిమితమైన గుడ్డని రోజువారీలోకి లాక్కొచ్చారు. బాతిక్‌ని యునెస్కో 2009 అక్టోబర్ 2న గుర్తించింది, కెబాయా అనే రవికని 2024లో. ఇక్కడ మనకి ఒక నిజమైన చుట్టరికం ఉంది. మచిలీపట్నంలో డచ్చివాళ్లు 1600ల మొదట్లోనే కొఠీ పెట్టారు, ఎందుకంటే ఆ దీవుల్లో మిరియాలు, జాజికాయ, లవంగాలు కావాలంటే డబ్బు కంటే మన అద్దకం గుడ్డ ఇవ్వడమే సులువు. మన కోస్తా నేతగాళ్లు, అద్దకంవాళ్లు చేసిన గుడ్డలు అక్కడి ఇళ్లలో తరతరాలు దాచుకున్నారు. జకార్తా మెట్రోలో ఆ పూలు, తీగలు చూసినప్పుడల్లా నాకు పెడన గుర్తొచ్చేది.

పాటల గురించి ఒక్క విషయమే చెప్తాను. కె-పాప్ పిచ్చి అక్కడ ఎంతుందో మీకు తెలుసు, వదిలేద్దాం. 2019లో నేను జోగ్జాలో ఉండగా ఒక వింత జరిగింది. దిది కెంపొట్ అని, సోలో అనే ఊరి గాయకుడు, యాభై దాటినవాడు, ఒకప్పుడు వీధుల్లో పాడుకున్నవాడు, జావా భాషలో రైల్వే స్టేషన్లో వదిలేసి వెళ్లిన ప్రేయసి మీద, బస్టాండులో ఎదురుచూపు మీద పాడేవాడు. పెద్దవాళ్లు వినే పాటలనుకున్నవి, ఉన్నట్టుండి ఇరవై ఏళ్లవాళ్లు పట్టుకున్నారు. తమకి తాము 'సోబత్ అంబ్యార్' అని పేరు పెట్టుకున్నారు. అంబ్యార్ అంటే పగిలి ముక్కలైపోవడం, సోబత్ అంటే స్నేహితులు. మగపిల్లలు అందరి ముందూ వలవలా ఏడుస్తూ, అదే పాటకి అడుగులు వేస్తూ పాడేవాళ్లు. మగాడు ఏడవకూడదన్న మాట అక్కడా ఉంది కదా, దాన్ని వాళ్లు అలా పక్కకి నెట్టేశారు. ఆయన 2020 మే 5న పోయారు, 53 ఏళ్లకే. కోవిడ్ రోజులు, గుంపుగా చేరి ఏడవడానికి కూడా వీల్లేకపోయింది.

ఏడుపు అన్నాను కాబట్టి అసలు సంగతికి వస్తాను. 2022లో వచ్చిన జాతీయ సర్వేలో 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో ముగ్గురిలో ఒకరికి ఏదో ఒక మానసిక ఇబ్బంది ఉందని తేలింది. ఎవరికైనా చెప్పుకోగలిగినవాళ్లు చాలా తక్కువ. 'హీలింగ్' అనే ఇంగ్లిష్ మాట అక్కడ రెండ్రోజులు ఊరు తిరిగి రావడానికి పేరైపోయింది, ఎందుకంటే డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని చెప్పడం కంటే అది చెప్పడం తేలిక. 2025 ఫిబ్రవరి లెక్కల్లో దేశం మొత్తం మీద నిరుద్యోగం 5 శాతం లోపు, 15-24 ఏళ్లవాళ్లలో మాత్రం 16 శాతం. దొరికినవాళ్లలో కూడా ఎంతోమంది ఓజోల్, అంటే ఆకుపచ్చ జాకెట్ వేసుకుని యాప్ బైక్ నడిపేవాళ్లు. అమ్మానాన్నల్ని పోషిస్తూ, తన పిల్లల్నీ పోషించేవాణ్ణి 'శాండ్‌విచ్ జనరేషన్' అంటారు. ఫోన్లో అప్పు, దాని పేరు పిన్‌జోల్. ఫోన్లో జూదం, దాని పేరు జుడోల్. 2023లో ఆ జూదం లావాదేవీలు 327 లక్షల కోట్ల రుపియా అని ప్రభుత్వ నిఘా సంస్థే చెప్పింది. లోన్ యాప్‌లవాళ్లు బాకీ కోసం మనుషుల్ని ఎలా వేధిస్తారో హైదరాబాద్‌లో మనం 2020 చివర్లో చూశాం, నేను మళ్లీ చెప్పక్కర్లేదు. పెళ్లిళ్లు చూడండి, 2018లో ఏడాదికి 20 లక్షలు, 2023కి 16 లక్షల లోపు. 'పెళ్లంటే భయం' అని 2024లో అమ్మాయిలు టిక్‌టాక్‌లో వీడియోల మీద వీడియోలు పెట్టారు. పెద్దలు సరదా అనుకున్నారు. నాకు తెలిసిన అమ్మాయిలు సరదాకి అనలేదు.

2024లోనే ఇంకోటి, 'జోకి స్ట్రావా'. పరుగెత్తడం ఫ్యాషన్ అయింది కదా, ఆదివారం సుదిర్మాన్ రోడ్డు మీద కార్లు ఆపేస్తారు, అందరూ పరుగే. ఎంత వేగంగా పరుగెత్తావో స్ట్రావా అనే యాప్‌లో పెట్టాలి. నీ బదులు నీ అకౌంట్‌తో పరుగెత్తడానికి కిరాయికి మనుషులు దొరుకుతారు, వాళ్లే జోకిలు! చాలామంది దాన్ని చూసి ఎగతాళి చేశారు. కిరాయికి పరుగెత్తిన కుర్రాళ్లలో కాలేజీ ఫీజు కోసం చేసినవాళ్లు ఉన్నారు, నేను వాళ్ల వైపు నుంచి చూస్తాను.

2025 మొదట్లో 'కబుర్ అజ దులు' అనే మాట దేశమంతా పాకింది. ముందైతే పారిపో, తర్వాత చూద్దాం అని. జర్మనీకి, జపాన్‌కి ఎలా వెళ్లాలో ఒకళ్లకొకళ్లు చెప్పుకున్నారు. పోతే పోండి, అవసరమైతే తిరిగి రావొద్దన్నట్టు ఒక సహాయమంత్రి మాట్లాడారు. మన ఇళ్లలో అమెరికా, గల్ఫ్ ప్రయాణాలు కట్టినవాళ్లం కాబట్టి ఆ పిల్లల మనసు మనకి తెలుస్తుంది, ఇష్టంతో కొంత, దారిలేక కొంత.

ఆ ఏడాది ఆగస్టులో నేను మళ్లీ వెళ్లాను. 17న స్వాతంత్ర్య దినం, 80 ఏళ్లు. ఊరంతా ఎరుపు తెలుపు జెండాలు ఉండాలి, ఉన్నాయి. వాటి కింద లారీల మీద, ఇళ్ల ముందు నల్లజెండాలు కూడా ఉన్నాయి, పుర్రె మీద గడ్డి టోపీ. జపాన్ కార్టూన్ 'వన్ పీస్'లో, అన్యాయం చేసే ప్రభుత్వం మీద తిరగబడే ఓడదొంగల జెండా అది. మొదట లారీ డ్రైవర్లు కట్టారు, తర్వాత పిల్లలు. మంత్రుల స్థాయిలో హెచ్చరికలు వచ్చాయి. ఒక కుర్రాణ్ణి అడిగాను, ఎందుకు నాన్నా ఇది అని. "దేశం జెండా మీద కోపం లేదు అక్కా, అందుకే దాన్ని పైన ఉంచాను" అన్నాడు.

పార్లమెంటు సభ్యులకి ఇంటి అలవెన్స్ కిందే నెలకి 5 కోట్ల రుపియా అని బయటపడింది, జకార్తా కనీస వేతనానికి అది తొమ్మిది రెట్ల పైమాట. జనం వీధుల్లోకి వచ్చారు. ఆగస్టు 28 రాత్రి పోలీసుల కవచవాహనం కింద పడి 21 ఏళ్ల ఓజోల్ కుర్రాడు చనిపోయాడు. మర్నాటికి దేశం అంటుకుంది. పోలీసులకి ఎదురుగా నిలబడిన ఒకామె హిజాబ్ గులాబీ రంగు, ఓజోల్ జాకెట్ ఆకుపచ్చ, అందరి ప్రొఫైల్ ఫొటోలూ ఆ రెండు రంగుల్లోకి మారిపోయాయి. ఆ రోజుల్లో నన్ను కదిలించింది ఇంకోటి. మలేషియాలో, థాయ్‌లాండ్‌లో, ఫిలిప్పీన్స్‌లో కూర్చున్న కుర్రకారు, యాప్ తెరిచి జకార్తాలో భోజనం ఆర్డర్ పెట్టారు. డెలివరీ అడ్రస్ దగ్గర, ఇది మీకే, తినండి అని డ్రైవర్‌కి రాశారు. పిల్లి అన్నం పొట్లం విప్పి పక్కవాడి ముందుకి జరిపే అలవాటు ఎంత దూరం వెళ్లిందో అనుకున్నాను. ఆ నల్లజెండా సెప్టెంబర్‌లో నేపాల్ వీధుల్లో కూడా ఎగిరింది.

ప్రశ్న ఏదో ఉన్నట్టుంది, చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: అక్కడ మతం గొడవలు ఈ కుర్రకారులో ఉండవా మేడం?)

ఉంటాయమ్మా, లేవంటే అబద్ధం. మతం వైపు బాగా మళ్లినవాళ్లూ ఉన్నారు. కానీ 2024 రంజాన్‌లో 'వార్ తక్‌జిల్' అని జరిగింది, అది చెప్తాను. సాయంత్రం ఉపవాసం విడవడానికి రోడ్డు పక్కన తక్‌జిల్ అమ్ముతారు, కొబ్బరిపాలు, బెల్లంలో ఉడికించిన అరటిపండు, చిలగడదుంప, అలాంటివి. ముస్లింలు నీరసంగా ఇంట్లో ఉండగానే, క్రైస్తవ పిల్లలు మూడింటికే వచ్చి అన్నీ కొనేసేవాళ్లు! సరే, మీ ఈస్టర్ గుడ్లు మేము పట్టుకుపోతాం అని ముస్లిం పిల్లలు. నెలంతా అదే ఆట, బండివాళ్లకి మంచి బేరం.

(ఇంకో విద్యార్థి: ఆ బండి దగ్గర ఎవరేం తిన్నారో లెక్క ఎలా రాస్తారు మేడం?)

రాయరు. లేచేటప్పుడు 'ఏమేం తిన్నావ్' అని అడుగుతాడు, మనమే చెప్పాలి. రెండు అన్నం, మూడు పుల్లలు, ఒక టీ. మనం చెప్పిందే లెక్క. అబద్ధం చెప్పేవాళ్లకి జావాలో ఒక పేరు కూడా ఉంది, 'దర్మాజి'. ఐదు తిని ఒకటి ఒప్పుకున్నవాడు అని దాని విడమరుపు. బండి అన్నలకి ఆ దర్మాజిలు ఎవరో తెలియకుండా ఉండదు. నెలాఖరు రోజుల్లో ఆ పిల్లల వైపు చూడకుండా కుంపటిలో బొగ్గులు ఎగదోసుకుంటూ ఉండిపోయే అన్నని నేను చూశాను. నేను లెక్క చెబుతుంటే కూడా అలాగే తల ఊపేవాడు, ఎప్పుడూ మళ్లీ అడగలేదు.